జ్యూరీ గది లేని కోర్టు

కిందటి సంవత్సరం ఒక సాహిత్య సభలో మిత్రుడొకరు ఒక ప్రశ్న వేశారు. తెలుగులో కోర్టుల గురించి కావలసినంత సాహిత్యం ఉంది, ప్లీడర్లే కథకులైన భాష మనది, అయినా టాల్‌స్టాయ్ ‘రిసరెక్షన్’ వంటి నవల ఒక్కటీ ఎందుకు రాలేదని. ప్రశ్న వేసి ఊరుకుంటే బాగుండేది. జవాబు కూడా ఆయనే చెప్పారు. మన రచయితకు కోర్టును చూసి నవ్వడం వచ్చు, తిట్టడం వచ్చు, తనలోకి తాను చూసుకోవడం మాత్రం రాదట. పశ్చాత్తాపమనే విలువ మన సాహిత్యానికి అలవడలేదట. సభలో చప్పట్లు కూడా మోగాయి.

ఆ రోజు నేను లేచి జవాబు చెప్పలేదు. చెప్పలేకపోవడానికి నా కారణం నాకుంది. అది ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి పాఠకులకే తెలుస్తుంది. ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఒక దేశపు రచయితలకు అంతరాత్మ ఉందనీ, మరొక దేశపు రచయితలకు లేదనీ తేల్చడం సాహిత్య విమర్శ కాదు. అంతరాత్మ గాలిలో పుట్టదు. ఏ సమాజంలో, ఏ వ్యవస్థలో మనిషిని ఎక్కడ నిలబెట్టారో అక్కడి నుంచే అతని అపరాధ భావన కూడా పుడుతుంది. రష్యన్ కోర్టు మనిషిని ఒకచోట కూర్చోబెట్టింది. మన కోర్టు మరొకచోట నిలబెట్టింది. ఈ తేడా చూడకుండా రెండు సాహిత్యాలను తూచడం, కాటాలో ఒకవైపు బియ్యం పోసి రెండోవైపు నీళ్లు పోయడం వంటిది.

‘రిసరెక్షన్’ 1899లో వెలువడింది. కథ మనలో చాలామందికి తెలిసిందే. కత్యూషా మస్లోవా వేశ్యాగృహంలో బతుకుతున్న స్త్రీ. ఒక వ్యాపారికి విషం పెట్టి చంపిందని ఆమె మీద కేసు. నిద్రమందు అనుకుని ఆ పొడి కలిపానని ఆమె చెబుతుంది. ఆ కేసును విచారించే జ్యూరీలో నెహ్లూదొవ్ అనే ప్రిన్స్ ఒక సభ్యుడు. యవ్వనంలో తన మేనత్తల ఇంట్లో పెరుగుతున్న ఈ కత్యూషాను చెరిచి, చేతిలో వంద రూబుళ్లు పెట్టి వెళ్లిపోయినవాడు అతనే. ముద్దాయిని ఆ స్థితికి తెచ్చినవాడే ఆమెకు తీర్పరిగా కూర్చున్నాడు. నవలంతా ఈ ఒక్క కుర్చీ మీద ఆధారపడి ఉంది.

మరి ఆ కుర్చీ ఎక్కడిది? అది టాల్‌స్టాయ్ ఊహలో పుట్టింది కాదు. 1861లో అర్ధబానిసత్వం రద్దయిన తర్వాత, 1864లో రష్యాలో న్యాయసంస్కరణలు వచ్చాయి. బహిరంగ విచారణ, వకీళ్ల సంఘం, నేరాలకు జ్యూరీ, ఇవన్నీ ఆ శాసనాలతో వచ్చినవే. అంతకుముందు తలుపులు మూసి, కాగితాల మీద జరిగే విచారణ ఇప్పుడు జనం ముందుకు వచ్చింది. టాల్‌స్టాయ్‌కి ఈ కథకు బీజం ఇచ్చినవాడు కూడా న్యాయస్థానంలో పనిచేసిన మనిషే. 1887లో అనతోలి కోనీ అనే ప్రముఖ న్యాయవేత్త తన ఎదుటికి వచ్చిన ఒక ఉదంతం చెప్పాడు. దాని మీద టాల్‌స్టాయ్ దాదాపు పదేళ్లు ఆగి ఆగి పనిచేశాడు.

టాల్‌స్టాయ్ ఈ కొత్త కోర్టుకు హారతి పట్టలేదు. ముగ్గురు న్యాయమూర్తులను ఆయన ఎలా ప్రవేశపెట్టాడో చూడండి. అధ్యక్షుడికి సాయంత్రం ఆరులోపల కేసు ముగించాలని తొందర, ఎందుకంటే ఒక స్త్రీ అతని కోసం ఎదురుచూస్తున్నది. రెండోవాడు పొద్దున్నే ఇంటి ఖర్చుల గురించి భార్యతో పోట్లాడి వచ్చాడు. మూడోవాడికి కడుపుజబ్బు. తన గది తలుపు నుంచి కుర్చీదాకా పడే అడుగులు మూడుతో భాగింపబడితే కొత్త వైద్యం పనిచేస్తుందని అతని నమ్మకం. ఇరవయ్యారు అడుగులే వచ్చాయి. చివర ఒక చిన్న అడుగు కలిపి ఇరవయ్యేడు చేసుకున్నాడు. ఈ మనుషుల్లో ఎవరూ దుర్మార్గులు కారు. ఒక మనిషి బతుకు తమ చేతిలో ఉన్నదన్న సంగతి ఆ క్షణాన వాళ్ల మనసులో లేదు, అంతే.

ఇక జ్యూరీ గది. నేను ఈ నవల మూడుసార్లు చదివాను. ప్రతిసారీ నన్ను పట్టి నిలిపినవాడు నెహ్లూదొవ్ కాదు, ప్యోత్ర్ గెరాసిమొవిచ్ అనే మనిషి. ఒకప్పుడు నెహ్లూదొవ్ అక్క పిల్లలకు చదువు చెప్పి, ఇప్పుడు ఒక పాఠశాలలో పనిచేస్తున్న ఉపాధ్యాయుడు. జ్యూరీ గదిలో మస్లోవా పక్షాన గట్టిగా వాదించినవాళ్లలో ఇతనొకడు. ఆమె డబ్బు దొంగిలించలేదని వాదించి నెగ్గుతారు. అందరూ అలసిపోయి ఉన్నారు. దోషి, కాని దొంగతనం చేసే ఉద్దేశం లేదని సమాధానం రాస్తారు. చంపే ఉద్దేశం లేదన్న నాలుగు మాటలు చేర్చడం మరచిపోతారు. అలా చేర్చవచ్చునని వాళ్లకు చెప్పవలసిన అధ్యక్షుడు కూడా చెప్పడం మరచిపోయాడు. ఫలితంగా దొంగతనం చేయని, చంపాలనుకోని స్త్రీకి నాలుగేళ్ల కఠినశిక్ష పడుతుంది. తీర్పులో అసంబద్ధత ఉందని న్యాయమూర్తులకు తెలుసు. దానిని రద్దు చేసే వీలు కూడా చట్టంలో ఉంది. కాని ముగ్గురిలో ఒకడు ఒప్పుకోడు. జ్యూరీలు నేరస్థులను వదిలేస్తున్నాయని పత్రికలు రాస్తున్నాయి, ఇక కోర్టే వదిలేస్తే ఏమంటారని అతని సందేహం.

పైకోర్టయిన సెనేట్ కూడా ఆమెను కాపాడదు. సెనేట్ పని నిజం ఏమిటో చూడడం కాదు, విధానం సరిగా నడిచిందా లేదా అని మాత్రమే చూడడం. విధానం సరిగానే నడిచింది. అన్యాయం మొత్తం విధానం ప్రకారమే జరిగింది.

ఇక్కడ మన మిత్రుడు చూడని విషయం ఉంది. ‘రిసరెక్షన్’లో పశ్చాత్తాపం సాధ్యమైంది తీర్పు చెప్పే పని పౌరుడి చేతికి వచ్చింది కాబట్టి. నెహ్లూదొవ్ ప్రేక్షకుల బల్ల మీద కూర్చుని ఉంటే జాలిపడి, ఇంటికి వెళ్లి భోజనం చేసేవాడు. తాను కూడా సంతకం పెట్టిన తీర్పు కాబట్టి అతనికి నిద్ర పట్టలేదు. జ్యూరీ వ్యవస్థ న్యాయం చేసిందని నేను అనడం లేదు. అన్యాయం జరిగినప్పుడు అది ఎవరు చేశారో వేలు పెట్టి చూపించే వీలు ఆ వ్యవస్థలో ఉంది. పన్నెండు మంది, వాళ్లకు పేర్లున్నాయి, ముఖాలున్నాయి. వాళ్లలో ఒక బడిపంతులు కూడా ఉన్నాడు.

అయితే ఆ పన్నెండు మంది ఎవరు? ఈ ప్రశ్న వేయకపోతే మనం అభ్యుదయ విమర్శకులం కాము. జ్యూరీలో కూర్చోవడానికి ఆస్తి, ఆదాయం, పదవి వంటి అర్హతలు ఉండేవి. రైతుల్లో అత్యధికులకు ఈ కోర్టుతో పనే లేదు. వాళ్ల చిన్న తగాదాలు, చిన్న నేరాలు వోలొస్త్ కోర్టులనే వేరే కోర్టుల్లో తేలేవి. అక్కడ రైతులను కొరడాతో కొట్టే శిక్ష కూడా చాలాకాలం ఉంది. ఇక ప్రభుత్వానికి నచ్చని తీర్పు వస్తే జ్యూరీ గతి ఏమిటో 1878లో తేలింది. ఒక ఖైదీని కొట్టించిన సెయింట్ పీటర్స్‌బర్గ్ గవర్నర్ ట్రేపొవ్ మీద వేరా జసూలిచ్ కాల్పులు జరిపింది. జరిపానని ఒప్పుకుంది కూడా. జ్యూరీ ఆమెను నిర్దోషి అంది. ఆ విచారణకు అధ్యక్షత వహించింది ఈ కోనీయే. ఆ వెంటనే అటువంటి కేసులను జార్ ప్రభుత్వం జ్యూరీ పరిధి నుంచి తప్పించింది. పాలకవర్గం తన చట్టాన్ని తానెంతవరకు గౌరవిస్తుందో చెప్పడానికి ఇంతకన్న పాఠం అక్కర్లేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం.

మనకు కోర్టు సంస్కరణగా రాలేదు, పరిపాలనగా వచ్చింది. ఆంగ్లేయుడు తన దేశంలో తాను జన్మహక్కుగా చెప్పుకునే జ్యూరీని ఇక్కడ పిసినారి చేతి దానంలా పంచాడు. ప్రెసిడెన్సీ నగరాల్లో ఒక తీరు, జిల్లాల్లో మరొక తీరు. 1898 నాటి నేరవిచారణ స్మృతి ప్రకారం కొన్నిచోట్ల జ్యూరీ, మిగిలినచోట్ల అసెసర్లు. అసెసర్ తన అభిప్రాయం చెప్పవచ్చు, దానికి జడ్జి కట్టుబడనక్కర్లేదు. అంటే నువ్వు కూర్చో, విను, మాట్లాడు, నీ మాట నేను వినను అని. జ్యూరీ ఉన్నచోట కూడా దాని రంగు ఏమిటో 1908లో బొంబాయిలో చూశాం. రాజద్రోహం కేసులో తిలక్‌ను విచారించిన తొమ్మిది మంది జ్యూరీలో ఏడుగురు ఐరోపావారు, ఇద్దరు పార్సీలు. ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆరేళ్ల ప్రవాస శిక్ష పడింది. బొంబాయి మిల్లు కార్మికులు సమ్మె చేశారు. లెనిన్ ఆ సమ్మెను గుర్తించి అదే ఏడు రాశాడు. ముప్పయ్యేళ్ల తేడాలో రెండు సామ్రాజ్యాలలో రెండు జ్యూరీలు. ఒకటి పాలకుడి మీద కాల్పులు జరిపిన స్త్రీని వదిలిపెట్టింది. మరొకటి పత్రికలో వ్యాసాలు రాసినవాడిని మాండలే పంపింది.

స్వాతంత్ర్యం తర్వాత 1958లో లా కమిషన్ తన పద్నాలుగో నివేదికలో జ్యూరీని రద్దు చేయమంది. మరుసటి ఏడు నానావతి కేసులో బొంబాయి జ్యూరీ ఎనిమిదిమందికి ఒకరుగా నిర్దోషి అన్నది. సెషన్స్ జడ్జి ఆ మాటతో ఏకీభవించక హైకోర్టుకు పంపాడు, అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1973 స్మృతిలో జ్యూరీ ఊసే లేదు. పోయినందుకు ఏడ్చినవాళ్లు కూడా లేరు. మనది కానిది పోతే ఎవరు ఏడుస్తారు?

మరి ఈ కోర్టులో మామూలు మనిషికి మిగిలిన చోటు ఏది? కక్షిదారు, ముద్దాయి, సాక్షి. తీర్పరి కాదు. అందుకే మన సాహిత్యంలో కోర్టు, తీర్పు చెప్పే గదిగా గాక, సాక్ష్యం తయారయ్యే అంగడిగా కనిపిస్తుంది. ఇది రచయితల లోపం కాదు, చూపు.

‘కన్యాశుల్కం’ చూడండి. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1909లో ఇప్పుడు మనం చదివే రూపం దాల్చిన నాటకం. అందులో లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు. ఎవరిని చంపాడని? పెళ్లికూతురిని. ఆ పెళ్లికూతురు అసలు ఆడపిల్ల కాదు, ఆడవేషం వేసిన కుర్రవాడు. వాడు వేషం తీసేసి వెళ్లిపోయాడు. లేని మనిషి హత్యకు ఉన్న మనిషి మీద కేసు! పోలీసు ఉంది, సాక్ష్యం ఉంది, దస్తావేజులూ సాక్షులూ పుట్టించడంలో పేరుమోసిన రామప్పంతులు ఉన్నాడు. లేనిదల్లా శవం ఒక్కటే. వలసపాలన కోర్టు మీద ఇంతకన్న పదునైన విమర్శ ఏ భాషలో వచ్చిందో నాకు తెలియదు. గురజాడ నవ్వించాడు, నిజమే. ఆ నవ్వు వెనక ఉన్న ప్రశ్న టాల్‌స్టాయ్ వేసిన ప్రశ్నకు తీసిపోయేది కాదు. నిజంతో పనిలేకుండా కోర్టు నడవగలదా అన్నది ఇద్దరి ప్రశ్నా. నడవగలదన్నది ఇద్దరి జవాబూ.

రెండు కృతుల్లోనూ ఒక వేశ్య ఉండడం యాదృచ్ఛికం అనుకోవచ్చు. కాని వాళ్లు నిలబడిన చోట్లు చూడండి. మస్లోవా బోనులో ఉంది. ఆమె నిజం చెబుతుంది. దానిని నమ్మినవాళ్లు కూడా కాగితం మీద పెట్టడం మరచిపోతారు. మధురవాణి కోర్టుకు బయట ఉంది. ఆమెకు నిజం తెలుసు. ఆ నిజం కోర్టులో చెల్లదని కూడా ఆమెకు తెలుసు. అందుకే మగవేషం వేసుకుని రాత్రిపూట వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. వేశ్య ముఖం చూడనని వ్రతం పట్టిన మంచి వకీలు అతను. లుబ్ధావధాన్లును కాపాడే నిజం న్యాయస్థానంలో పుట్టలేదు, ఒక గృహస్థు గదిలో, వేషం మాటున పుట్టింది. టాల్‌స్టాయ్ కోర్టులో నిజం పలుకుతుంది, ఓడిపోతుంది. గురజాడ కోర్టులోకి నిజం అడుగే పెట్టదు, చుట్టుదారిన పోయి గెలుస్తుంది. రెండు దేశాల న్యాయవ్యవస్థల మధ్య తేడా చెప్పమంటే నేను నా విద్యార్థులకు ఈ రెండు దృశ్యాలూ చూపిస్తాను.

రావిశాస్త్రి దగ్గరికి వచ్చేసరికి ఈ అంగడి ఇంకా విస్తరించింది. ఆయన విశాఖపట్నంలో ప్లీడరు. టాల్‌స్టాయ్ కూడా ఒకసారి న్యాయస్థానంలో వాదించాడు. 1866లో పైఅధికారిని కొట్టిన షబూనిన్ అనే సైనికుడి తరఫున నిలబడ్డాడు. ఓడిపోయాడు, ఆ సైనికుణ్ణి కాల్చి చంపారు. ఆ ఓటమి ఆయనను జీవితాంతం వెన్నాడింది. రావిశాస్త్రికి ఆ అనుభవం ఒక్కసారి వచ్చిపోయేది కాదు, రోజూ పొద్దున పదిన్నరకు మొదలయ్యేది. మద్యనిషేధం అమలులో ఉన్న రోజుల్లో సారా కేసులు కోర్టులకు వరదలా వచ్చాయి. అమ్మేది బీదవాళ్లు, పట్టేది పోలీసులు, మామూళ్లు తినేదీ వాళ్లే, సాక్షులు ఎప్పుడూ అదే మనుషులు. ఆ లోకంలో నుంచి ‘ఆరు సారా కథలు’ వచ్చాయి.

వాటిలో ‘మాయ’ను ‘రిసరెక్షన్’ పక్కన పెట్టి చదవమని మిత్రులను కోరుతున్నాను. కొత్తగా కోటు తొడిగిన ఒక ప్లీడరు. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ. ఆమె కోర్టు గురించి, పోలీసుల గురించి, డబ్బు గురించి మాట్లాడుతుంది. ఆ కుర్రవాడు లా కాలేజీలో చదివిన పుస్తకం ఏదీ చెప్పని న్యాయశాస్త్రం ఆమె నోటినుంచి వినిపిస్తుంది. మస్లోవా కోర్టులో రెండు మూడు ముక్కల్లో జవాబులు చెప్పి ఊరుకుంటుంది. ఆమె గురించి మిగతాది రచయిత చెబుతాడు, నెహ్లూదొవ్ తలపోస్తాడు. ముత్యాలమ్మ ఎవరి తలపోతకూ ఎదురుచూడదు. తన కేసు తనే చెబుతుంది, తన భాషలో చెబుతుంది. రావిశాస్త్రి కథల్లో బీదవాళ్లు అంత పొడుగున మాట్లాడతారేమిటని విసుక్కునే విమర్శకులున్నారు. కోర్టు వాళ్లను మాట్లాడనివ్వలేదు కాబట్టి కథ మాట్లాడనిచ్చింది. అది శిల్పలోపం కాదు, ఆ శిల్పానికి పునాదే అది.

ఇక్కడ భాష సంగతి ఎత్తక తప్పదు. టాల్‌స్టాయ్ కోర్టులో జడ్జి, జ్యూరీ, ప్రాసిక్యూటరు, ముద్దాయి అందరిదీ రష్యన్ భాషే. అభియోగపత్రం గుమస్తా ఎంత గబగబా చదివినా అది మస్లోవా భాషే. మన దగ్గర రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం, పార్లమెంటు చట్టం చేసి మార్చేదాకా, సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం ఇంగ్లీషులో జరగాలి. కింది కోర్టుల భాష ఏమిటో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చని 1973 స్మృతి చెప్పింది. 2023లో తెలంగాణ హైకోర్టు తెలుగులో ఒక తీర్పు ఇస్తే అది వార్త అయింది. తెలుగునేల మీద తెలుగులో తీర్పు రావడం వార్త కావడమే మన స్థితికి అద్దం.

ఇప్పుడు నా కారణం చెబుతాను.

2009లో నేనొక పల్లె బడిలో తెలుగు పండితుణ్ణి. ఒక సాయంత్రం బడి వదిలాక కబురు వచ్చింది, మాస్టారిని ఒక సంతకానికి రమ్మన్నారని. వెళ్లాను. ఒక ఆఫీసు వరండాలో రెండు ప్లాస్టిక్ డబ్బాలు, వాటి పక్కన గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉన్నారు. నాటుసారా కేసు. పంచనామా అప్పటికే రాసి ఉంది. ఆ కాగితం ప్రకారం ఆమె ఇంటి పెరట్లో మధ్యవర్తుల సమక్షంలో ఆ డబ్బాలు దొరికాయి. ఆ మధ్యవర్తుల్లో ఒకణ్ణి నేను. నేను ఆ పెరడు ఎరగను. “ఏం లేదు మాస్టారూ, ఫార్మాలిటీ,” అన్నారు. సంతకం పెట్టి బస్సు అందుకున్నాను.

రెండేళ్లు దాటాక కోర్టు నుంచి సమను వచ్చింది. బోనెక్కాను. సంతకం మీదేనా అని అడిగారు. నాదేనన్నాను. ఆ రోజు నేను చెప్పింది ఆ ఒక్క మాట. మెజిస్ట్రేటు గారు దానిని టైపిస్టుకు ఇంగ్లీషులో చెప్పారు. తనిఖీ జరిగినప్పుడు నేను అక్కడ ఉన్నాననీ, నా ఎదుటే సరుకు స్వాధీనం చేసుకున్నారనీ, తర్వాత సంతకం చేశాననీ కాగితం మీదికి వచ్చింది. ముద్దాయి తరఫు వకీలు ఏమీ అడగలేదు. కాగితం నా చేతికిచ్చి చదివి సంతకం పెట్టమన్నారు. నాకు ఇంగ్లీషు రాదా? వచ్చు. చదివాను. పెట్టాను. ఆమె నావైపు చూస్తూనే ఉంది. నేను చెప్పిన తెలుగు ముక్క ఆమెకు అర్థమైంది. నేను సంతకం పెట్టిన ఇంగ్లీషు వాక్యం ఆమెకు తెలియదు. శిక్ష పడింది.

ఆమె కూతురు మా బడిలోనే ఏడో తరగతి చదువుతోంది. మర్నాడు కూడా బడికి వచ్చింది. వేమన పద్యం తాత్పర్యం అడిగితే లేచి నిలబడి చెప్పింది. ఆ పీరియడు ఎలా గడిచిందో నాకే తెలుసు.

ఆమె సారా అమ్మేదా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అమ్మేదేమో. నేను చూడనిదాన్ని చూశానన్నాను, అదీ సంగతి. ప్యోత్ర్ గెరాసిమొవిచ్ నన్ను పట్టి నిలపడానికి కారణం ఇదే. ఆ రష్యన్ పంతులు వాదించి, అలసిపోయి, నాలుగు మాటలు రాయడం మరచిపోయాడు. నేను వాదించలేదు, అలసిపోలేదు, మరచిపోనూ లేదు. నా చేత రాయించిన నాలుగు మాటలను కొట్టివేయలేదు.

దీన్నిబట్టి రెండు వ్యవస్థల్లో మామూలు చదువుకున్నవాడి స్థానం ఏమిటో తేలుతుంది. రష్యన్ కోర్టు అతణ్ణి తీర్పు చెప్పడానికి పిలిచింది. మన కోర్టు సంతకం పెట్టడానికి పిలిచింది. 1973 స్మృతి తనిఖీకి ఎవరిని పిలవమందో తెలుసా? ఆ ప్రాంతంలోని ఇద్దరు లేక అంతకన్న ఎక్కువమంది స్వతంత్రులైన గౌరవనీయులను. ఎవరు గౌరవనీయులు? అక్కడ ఆస్తి ఉన్నవాడు జ్యూరర్ అయ్యాడు, ఇక్కడ నెలజీతం ఉన్నవాడు మధ్యవర్తి అయ్యాడు. బీదవాళ్ల నేరాన్ని ధ్రువపరచడానికి మధ్యతరగతి గౌరవం కావాలి. చట్టం ఆ గౌరవాన్ని మననుంచి అరువు తీసుకుంటుంది, మనం సంతోషంగా ఇస్తాం. ఆ స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తనిఖీని దృశ్య శ్రవణ పరికరంతో రికార్డు చేయమంటున్నది. మంచిదే. సాక్షి సంతకం మాత్రం ఇంకా ఉంది.

అయితే జ్యూరీని తెచ్చుకుంటే సరిపోతుందా అని ఎవరైనా అడగవచ్చు. నేను అలా అనడం లేదు. రష్యాలోనే 1917లో విప్లవ ప్రభుత్వం ఆ పాత కోర్టులను రద్దు చేసి, జడ్జి పక్కన ప్రజల నుంచి ఎన్నికైన అసెసర్లను కూర్చోబెట్టింది. ఆలోచన గొప్పది. కాని పక్కన కూర్చున్న ఆ ఇద్దరూ జడ్జి చెప్పినదానికి తలూపడమే ఎక్కువగా జరిగింది. ముప్పయ్యవ దశకపు రాజకీయ విచారణల్లో కోర్టు ఏ స్థితికి దిగజారిందో మనం దాచిపెట్టుకుంటే మన విమర్శకే మచ్చ. 1993లో అక్కడ మళ్లీ జ్యూరీ శాసనం వచ్చింది. కుర్చీ వేసినంత మాత్రాన న్యాయం రాదు. కుర్చీలో కూర్చున్నవాడు ఏ వర్గంవాడు, అతని మాటకు విలువెంత, ముద్దాయి మాట అతనికి అర్థమవుతుందా అన్నవే అసలు ప్రశ్నలు.

ఇంకొక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. నేను ఇప్పుడు నా తప్పు ఒప్పుకున్నాను కాబట్టి నా మనసు తేలికపడిందని పాఠకులు అనుకోవద్దు. ‘రిసరెక్షన్’లో అన్నిటికన్న గొప్ప ఘట్టం నెహ్లూదొవ్ పశ్చాత్తాపం కాదు. జైలులో మస్లోవా అతని మీద విరుచుకుపడడం. అప్పుడు నన్ను నీ సుఖానికి వాడుకున్నావు, ఇప్పుడు నీ మోక్షానికి వాడుకోవాలని చూస్తున్నావు అని ఆమె అభిప్రాయం. చివరికి అతను ఇస్తానన్న పెళ్లిని కాదని, సిమన్సన్ అనే రాజకీయ ఖైదీతో బతకడానికి నిశ్చయించుకుంటుంది. టాల్‌స్టాయ్ నవల చివర బైబిలు తెరిచాడు. ఆయన పాత్ర మాత్రం సైబీరియాలో తన తోవ తాను చూసుకుంది. పశ్చాత్తాపం గొప్ప విలువ అని చెప్పిన మా మిత్రుడు ఈ ఘట్టం మరచినట్టున్నారు. అపరాధి పశ్చాత్తాపంతో అపరాధం చెల్లిపోదన్న సంగతి ఆ నవలే చెబుతోంది. నేను చదువు చెప్పిన ఆ పిల్లకు గాని, వాళ్ల అమ్మకు గాని నా వ్యాసంతో పనిలేదు.

కాబట్టి సభలో అడిగిన ప్రశ్నను తిప్పి వేయాలి. తెలుగులో ‘రిసరెక్షన్’ ఎందుకు రాలేదని కాదు, మన కోర్టు నుంచి రావలసిన నవల ఏది అని. గురజాడ సాక్ష్యం పుట్టించేవాడిని చూపించాడు. రావిశాస్త్రి ముద్దాయినీ, ప్లీడరునూ, పోలీసునూ చూపించాడు. మన కథల్లో ఇంకా బోనెక్కవలసినవాడు ఒకడున్నాడు. చదువుకున్నవాడు, మంచివాడు, ఎవరికీ అపకారం తలపెట్టనివాడు, అడిగినచోట సంతకం పెట్టి బస్సు ఎక్కేవాడు. అతను లేకుండా మన దేశంలో ఏ అబద్ధపు కేసూ కాగితం మీద నిలబడదు. అతని గురించి రాయాలంటే దూరంనుంచి చూసి రాయడం కుదరదు, ఎందుకంటే ఈ పత్రిక చదివేవాళ్లలో, రాసేవాళ్లలో చాలామందిమి అతని వర్గంవాళ్లమే.

ఆ కథ రాసే యువ రచయితకు ఒక్క మనవి. ఆ మధ్యవర్తిని నెహ్లూదొవ్‌ను చేయవద్దు. అతని కన్నీళ్లతో కథ ముగించవద్దు. కోర్టు వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న ఆ ఆడమనిషికి ముందుగా నోరివ్వండి. తర్వాత అతని వంతు.